పత్రికకు మేమేం చేయగలం? పాఠకుల ప్రశ్నలు, సంపాదకురాలి జవాబులు

పోయిన సంచిక చివరి పేజీలో మిమ్మల్ని ఒక మాట అడిగాను. తెరచాప పడవల గురించి, పుట్టీలనే గుండ్రటి వెదురు బుట్ట పడవల గురించి, కృష్ణ నీళ్ల గురించి నల్గొండ నుంచి రెండు నెలలకోసారి వెలువడే ఈ చిన్న పత్రిక నిలబడాలంటే మీ వంతుగా ఏం చేయాలనుకుంటున్నారు, మీ సందేహాలేమిటి అని. ముప్పై ఏడు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో తొమ్మిది పోస్టుకార్డులు. ఒకటి నోటుబుక్కు కాగితం మీద రెండు వైపులా పెన్సిలుతో రాసింది. డీటీపీ సెంటరు మూసేశాక రాత్రిళ్లు కూర్చుని అన్నిటినీ నేనే టైపు చేశాను. పేరు వేయవద్దని కొందరు కోరారు కనుక అందరినీ ఊరి పేరుతోనే పిలుస్తున్నాను.

*అక్కా, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ పత్రిక మా మేనమామ ఇంట్లో చదివాను. సముద్రం ఎప్పుడూ చూడలేదు, తెరచాప పడవ ఎక్కలేదు. నాలాంటివాడు మీకు రాయవచ్చా? రాస్తే ఏం రాయాలి? (గద్వాల)*

రాయవచ్చు తమ్ముడూ. నీలాంటివాళ్లు రాయాలనే ఈ పత్రిక పెట్టాను.

తెరచాప పడవను మొదటిసారి దగ్గర నుంచి చూసేనాటికి నాకు ముప్పై రెండేళ్లు. హైదరాబాదులో ఒక పెళ్లికి వెళ్లి, మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే హుస్సేన్ సాగర్ గట్టు మీద నిలబడ్డాను. జూలై నెల, నైరుతి గాలి బలంగా వీస్తోంది. నీళ్ల మీద తెల్లటి తెరచాపలు వరుసగా ఒకే పక్కకు ఒరిగి వస్తున్నాయి. వానాకాలం గాలి కోసమే అక్కడ జూలై, ఆగస్టు నెలల్లో పోటీలు పెడతారని, అవి లేజర్ తరగతి పడవలని తరువాత తెలిసింది. ఒక్క మనిషి నడిపే పడవ అది. పొడవు 4.23 మీటర్లు. దాని పెద్ద తెరచాప వైశాల్యం 7.06 చదరపు మీటర్లు, అంటే మన ఇళ్లలో ఒక చిన్న గది నేలంత. గట్టుకు చేరిన పడవ దగ్గరికి వెళ్లి చూస్తే, తెరచాపకు రెండు పక్కలా జానెడు ఊలు పోగులు అంటించి ఉన్నాయి. స్వెట్టరు అల్లే మామూలు ఊలే. గాలి తెరచాప మీద సాఫీగా పారుతుంటే రెండు పోగులూ తిన్నగా వెనక్కి ఎగురుతాయి. తాడు ఎక్కువ వదిలినా, ఎక్కువ బిగించినా ఏదో ఒక పక్క పోగు కొట్టుకులాడుతుంది. కంటికి కనిపించని గాలిని చూపించడానికి ఇంత పోగు సరిపోయింది. తిరుగు బస్సులో టికెట్టు వెనుక ఆ పోగు గురించే రాసుకున్నాను. పడవ ఎక్కింది ఆ తరువాత ఏడాదికి. నా మొదటి వ్యాసం మాత్రం ఆ టికెట్టు నుంచే పుట్టింది.

నీ చుట్టూ ఏముందో చూడు. జూరాల డ్యాము వెనుక నీళ్లున్నాయి. మక్తల్ వైపు వెళితే పంచదేవ్‌పహాడ్ రేవు ఉంది. కృష్ణ నడుమనున్న కురువపురానికి, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రానికి, అక్కడి నుంచి పుట్టిలో దాటడం తరాలుగా వస్తున్న అలవాటు. ఒక పూట రేవులో కూర్చో. పుట్టి నడిపే ఆయన తెడ్డు పక్కన వేస్తున్నాడా, ముందుకు వంగి నీళ్లను తన వైపు లాక్కుంటున్నాడా? గుండ్రటి పుట్టి గిరగిరా తిరగకుండా ఎలా ఆపుతున్నాడు? ఎదుటి రేవుకు సూటిగా బయలుదేరాడా, ఎగువకు గురిపెట్టి ప్రవాహంతో పాటు జారుతూ సరిగ్గా రేవుకే చేరాడా? గాలికి అడ్డంగా తెరచాప పడవ నడిపేవాళ్లు నేర్చుకునే లెక్క కూడా అదే. చూసిన తేదీ, సమయం, నీటి ఉధృతి రాయి. వర్ణనలు అక్కరలేదు. రెండు పేజీలు చాలు. వరద వచ్చినప్పుడు మాత్రం గట్టు దిగవద్దు.

*మీ పత్రికకు మా మండలంలో విలేఖరిగా పనిచేస్తాను. గుర్తింపు కార్డు, బండికి అంటించుకునే స్టిక్కరు పంపగలరు. చందాలు కూడా చేర్పిస్తాను. (దేవరకొండ ప్రాంతం)*

కార్డులు, స్టిక్కర్లు మేం ఎవరికీ ఇవ్వం. నా బండికి కూడా లేదు. రాసి పంపండి, బాగుంటే మీ పేరుతో వేస్తాను, రెండు ప్రతులు పంపుతాను. చందాలు చేర్పించినందుకు రచన వేయడం, రచన వేసినందుకు చందా అడగడం రెండూ ఈ పత్రికలో లేవు.

*మాది సోమశిల దగ్గర ఊరు. మా నాన్న నలభై ఏళ్లుగా శ్రీశైలం వెనుక నీళ్లలో చేపలు పడుతున్నారు. చదువు రాదు. ఆయనకు తెలిసిన సంగతులు పత్రికకు పనికొస్తాయా మేడమ్? ఆయన మాటలను మంచి భాషలోకి మార్చి రాయాలా? (కొల్లాపూర్ మండలం)*

ఈ ఉత్తరం ఎవరో ఒకరు రాస్తారని నాలుగేళ్లుగా ఎదురు చూస్తున్నానమ్మా. పెన్సిలుతో రాసిన ఉత్తరం మీదే.

పనికొస్తాయి. మార్చవద్దు. ఆయన అన్న మాట అన్నట్టే ఉంచండి. నాకు అర్థం కాని మాట ఉంటే ఫోను చేసి అడుగుతాను.

ఎలా అడగాలో మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇందులో నేను చాలాసార్లు తప్పు చేశాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫోను ముందు పెట్టి "గాలి గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. పనిలో ఉన్నప్పుడు అడగాలి. చేతులు కదులుతుంటే మాట వస్తుంది. పోయిన వేసవిలో మీ రేవులోనే ఒక పెద్దాయన పుట్టి అల్లుతుంటే రెండు రోజులు పక్కన కూర్చున్నాను. చీల్చిన వెదురు బద్దలతో ముందు నేల మీద అడుగు అల్లారు. నట్టనడుమ రాళ్లు బరువు పెట్టి, చుట్టూ బద్దల కొసలను పైకి వంచి బుట్టలా లేపారు. అంచుకు బద్దల కట్టను చుట్టి తాడుతో బిగించారు. వాళ్ల తాతల నాడు దానికి తోలు తొడిగేవారట. ఇప్పుడు ఎరువుల సంచులు విప్పి, కలిపి కుట్టి, పైన తారు పూస్తున్నారు. తారు దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట తగ్గించారు. మరీ వేడిగా ఉంటే సంచి కాలిపోతుంది, చల్లారితే పట్టదు. కర్ర పుల్ల ముంచి పైకెత్తి, కారే తీగను చూశారు. మళ్లీ ముంచారు. మూడోసారికి "ఇదిగో, ఇప్పుడు" అని పుల్ల నా చేతికిచ్చారు. తారు తీగ తెగకుండా, చుక్కలుగా పడకుండా, సన్నగా దారంలా దిగుతోంది. ఆ సన్నదనాన్ని ఏ డిగ్రీల్లో చెప్పాలో నాకు తెలియదు, ఆయనకు అవసరం లేదు.

అప్పుడే అడిగాను, నీళ్ల మీద ఉండగా గాలి దుమారం వస్తోందని ఎలా తెలుస్తుందని. తల ఎత్తకుండానే చెప్పారు: "నీళ్లు నల్లబడుతూ వస్తాయి కదమ్మా." నేను తారు పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాను. హుస్సేన్ సాగర్‌లో నాకు పడవ నేర్పిన శిక్షకుడు మొదటి రోజు చెప్పిన మాట అదే. దూరాన నీళ్లు ఎక్కడ ముదురు రంగుకు తిరుగుతున్నాయో చూడు, గాలి అక్కడిదాకా వచ్చిందని అర్థం, అది నిన్ను చేరేలోపు తెరచాప తాడు వదలడానికి సిద్ధంగా ఉండు అన్నాడు. గాలి నీటి పైపొరను చిన్న చిన్న అలలుగా చెదరగొడుతుంది, అంతవరకు అద్దంలా ఆకాశాన్ని చూపిన నీళ్లు ఆ మేరకు చీకటి పడ్డట్టు కనిపిస్తాయి. ఫీజు కట్టి నేను నేర్చుకున్న పాఠం మీ రేవులో పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు.

అందుకని మీ నాన్నగారిని ఒక్కటి అడగండి. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలి బలాన్ని సున్నా నుంచి పన్నెండు వరకు మెట్లుగా విడదీశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్న కొలత అది. యంత్రంతో కొలిచి చేసింది కాదు. ఎంత గాలికి ఓడ మీద ఎన్ని తెరచాపలు ఉంచవచ్చు, ఎన్ని దించేయాలి అన్న అనుభవం నుంచి కట్టుకొచ్చిన మెట్లు. మీ నాన్నగారికీ అలాంటి మెట్లు ఉంటాయి. ఎలాంటి గాలికి నిశ్చింతగా వల వేస్తారు? ఎలాంటి గాలికి వల సగంలో తీసేసి ఒడ్డుకు తిరుగుతారు? ఏ గాలికి అసలు పుట్టి దించరు? ఆ గాలికి నీళ్లు ఎలా ఉంటాయి, చెట్లు ఎలా ఊగుతాయి, ఒడ్డున ఏం ఎగిరిపోతుంది? చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట హఠాత్తుగా వచ్చే గాలికి, ఆషాఢంలో రోజంతా వీచే గాలికి వేర్వేరు పేర్లు ఉన్నాయా? ఇవి చెప్పించండి. సోమశిల గాలి మెట్లు అని, బొమ్మలతో సహా, నడి పేజీల్లో వేస్తాను. పేరు ఆయనదే ఉంటుంది, రాసింది మీరని కింద ఉంటుంది. మేం ఇచ్చే పారితోషికం చిన్నది, అది ఆయన చేతికే పంపుతాను.

*మాకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. పడవల గురించి నాకేమీ తెలియదు కాని నా కొడుకు మీ పత్రిక వదలకుండా చదువుతాడు. ఎంతో కొంత సాయం చేయాలని ఉంది. విరాళం పంపమంటారా, ప్రకటన ఇవ్వమంటారా? (మిర్యాలగూడ)*

అన్నా, ముందుగా ఒక లెక్క చెబుతాను, ఆ తరువాత మీరే నిర్ణయించండి. మనది 48 పేజీల పత్రిక, అంటే పదహారేసి పేజీల ఫారాలు మూడు. ఒక్కో ఫారానికి అచ్చు ప్లేట్లు వేయాలి. అయిదు వందల ప్రతులు వేసినా, వెయ్యి వేసినా ప్లేట్ల ఖర్చు మారదు, యంత్రం మీదికి ఎక్కించే కూలి మారదు. పెరిగేది కాగితం, బైండింగు, పోస్టేజీ మాత్రమే. కనుక కొత్తగా చేరే ప్రతి చందాదారు పాత చందాదారు ప్రతిని కూడా కొంచెం చౌక చేస్తాడు. పెద్ద విరాళం ఒక సంచికను గట్టెక్కిస్తుంది. ముందే కట్టిన యాభై చందాలు ఏడాదిని గట్టెక్కిస్తాయి, ఎందుకంటే కాగితం రీములు ఒకేసారి కొనగలను.

మీ దగ్గరికి వడ్ల లారీలు వచ్చే ఊళ్లలో ఎన్ని బడులున్నాయో మీకు తెలుసు. ఒక పది బడులకు మీ పేరున ఏడాది చందా కట్టండి. ఒక్కొక్కటి 240 రూపాయలు. ప్రకటన కూడా ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాను, చివరి అట్ట లోపలి వైపు ఖాళీగా ఉంది. ప్రకటన ఇచ్చినవారి గురించి వ్యాసం వేయను. మీకు ఇది చెప్పనక్కరలేదని తెలుసు, మిగతావారు కూడా చదువుతారని రాస్తున్నాను.

1922లో ఇదే నల్గొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. నిజాం పాలనలో, తెలుగు చెప్పే బడులే అరుదైన రోజుల్లో. క్లాక్ టవర్ మీదుగా ప్రెస్సుకు ప్లేట్లు తీసుకుపోతున్నప్పుడు చాలాసార్లు ఆయన గుర్తొస్తారు.

ఫోనులో డబ్బు పంపేవారందరికీ ఒక మనవి. పంపాక పేరు, ఊరు, పిన్‌కోడు ఒక సందేశంలో రాయండి. మార్చి నెలలో ఎవరో 240 రూపాయలు పంపారు. పేరు లేదు, చేసిన ఫోనుకు జవాబు లేదు. వారికి రావలసిన మూడు సంచికలు విడిగా కట్టి అలమారలో పెట్టాను.

*గత సంచిక పదకొండో పేజీలో నాగార్జునసాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 మీటర్లు అని వేశారు. అంత ఎత్తుకు నీళ్లు నిలిస్తే నల్గొండతో పాటు హైదరాబాదులో చాలా భాగం కూడా మునుగుతుంది. నీళ్ల మీద పత్రిక నడిపేవారు ఇలా రాయవచ్చునా? (హుజూర్‌నగర్, విశ్రాంత ఉపాధ్యాయులు)*

రాయకూడదు మాస్టారూ. 590 అడుగులు, అంటే 179.83 మీటర్లు. తప్పు నాదే. వచ్చిన వ్యాసంలో సరిగ్గానే ఉంది, పట్టిక కట్టేటప్పుడు నేను చెడగొట్టాను. జూరాల మట్టాన్ని మీటర్లలో చెబుతారు, 318.516. శ్రీశైలానికి, సాగర్‌కు అడుగుల్లో చెబుతారు, 885, 590. మూడింటినీ ఒకే పట్టికలో పెట్టి, పైన ఒక్కసారి మీటర్లు అని కొట్టాను. ప్రూఫు కూడా నేనే చూశాను. టైపు చేసినవారే ప్రూఫు చూస్తే కన్ను తను కొట్టిందే చదువుతుంది, కాగితం మీద ఉన్నది చదవదు.

మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ప్రెస్సుకు వెళ్లే ముందు ఆఖరి ప్రూఫు మీకు పంపితే చూస్తారా? 48 పేజీలు, నాలుగు రోజుల గడువు. అంకెలున్న చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి చాలు, సరిచూడటం నా పని. ఈ పత్రికకు ఇప్పుడు డబ్బు కన్నా అలాంటి రెండో కన్ను ఎక్కువ అవసరం. ఒప్పుకుంటే మీ పేరు సంపాదకవర్గంలో వేస్తాను.

*పడవ పందేలు, తెరచాపలు అంటూ బొమ్మలు వేస్తున్నారు. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. అందులో మా బంధువులున్నారు. ఆ నీళ్ల మీద ఆటల పత్రిక ఎందుకు? చదవాలనిపించడం లేదు. (కొల్లాపూర్)*

అయ్యా, మీ ఉత్తరాన్ని చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆ సంక్రాంతి వారం నాకు గుర్తుంది. నరసింహస్వామి జాతరకు బట్టలు కట్టుకుని అవతలి ఒడ్డు నుంచి బయలుదేరినవాళ్లు వాళ్లు. మీకు చదవబుద్ధి కాకపోతే ఒత్తిడి చేయను, చందా వెనక్కి పంపమంటే పంపుతాను. ఒక్క మాట వినండి. తెరచాప పడవలో కూర్చోవడానికి వెళ్లినప్పుడు మొదటి గంట నన్ను పడవ ముట్టుకోనివ్వలేదు. లైఫ్ జాకెట్టు వేయించారు. బకిళ్లు పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశారు. బకిలు పెట్టని జాకెట్టు నీళ్లలో పడగానే మెడ మీదికి లేచిపోతుంది, మనిషి దాని కిందికి జారిపోతాడు. ఆ తరువాత పడవను కావాలని బోర్లా తిప్పి, నన్ను నీళ్లలో పడేసి, మళ్లీ ఎక్కించారు. నలభై ఏళ్లు రేవు దాటిన మా మేనత్తకు ఈ సంగతి ఒక్కసారైనా ఎవరూ చెప్పలేదు. ఆటలో ఉన్న ఈ క్రమశిక్షణ రేవులోకి రావాలన్నది నా పట్టుదల. పత్రిక పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇది పెద్దది.

అందుకే ఈ సంచిక నుంచి మొదటి పేజీలో "రేవు పలక" మొదలుపెడుతున్నాను. పాఠకులు పంపవలసింది ఇంతే: ఏ రేవు, ఏ తేదీ, ఏ వేళ, పడవ ఎక్కింది ఎంతమంది, జాకెట్లు ఎన్ని, బకిళ్లు పెట్టుకున్నది ఎంతమంది, గాలి ఎలా ఉంది. పడవ నడిపేవారి పేరు రాయవద్దు, బతుకుదెరువు దాని మీదే ఉంది, ఆయనను బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. బల్లకట్టు అయినా, సోమశిల మర పడవ అయినా, సాగర్ లాంచీ అయినా అంతే. వచ్చిన వివరాలను అచ్చు వేసి, ఆ పేజీని సంబంధిత అధికారులకు ప్రతిసారీ పంపుతాను. మొదటి పలక సింగోటం జాతర రోజుదే కావాలి. ఆ రోజు మీరు రేవుకు రాగలిగితే నేనూ వస్తాను. ఇద్దరం కలిసి లెక్క రాద్దాం.

*ఫోటోలు పంపితే వేస్తారా? పోయినసారి పంపాను, వేయలేదు. (నాగర్‌కర్నూల్)*

మీ ఫోటో బాగుంది, అచ్చుకు పనికిరాలేదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది. ఫోనులో మెరుస్తుంది, కాగితం మీద అలుక్కుపోతుంది. డాక్యుమెంటుగా పంపండి, అసలు సైజులో వస్తుంది. అట్ట మీదికైతే నిలువుగా తీసి, పైన మూడో వంతు ఆకాశం వదలండి, పత్రిక పేరు అక్కడే పడాలి. మనుషుల ముఖాలుంటే వారిని అడిగి తీయండి. డ్యాముల మీద నుంచి, గేట్ల దగ్గర నుంచి, డ్రోనుతో తీసినవి పంపవద్దు. వ్యాసాలు యూనికోడ్‌లో కొట్టినా సరే, అను ఫాంటులో కొట్టినా సరే, చేత్తో రాసినా సరే. కాగితాన్ని ఫోటో తీసి పంపితే మాత్రం నీడ పడకుండా చూడండి.

*నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తాను. మా పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఈ పత్రిక మీద ఆసక్తి ఉంది. బడి తరఫున మేమేం చేయగలం? (నకిరేకల్)*

టీచరు గారూ, నెలలో ఒక సాయంత్రం పెద్దగా చదివించండి. గోవా నుంచి 2017 సెప్టెంబరు 10న బయలుదేరి, తారిణి అనే తెరచాప నౌకలో భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల గురించి రెండో సంచికలో వేశాం. ఆ ఆరుగురిలో బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి, పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి. నౌక పొడవు 55 అడుగులు. మీ బడి వరండా అంతకన్నా పొడవుంటుందని చెప్పండి, పిల్లలు నడిచి కొలుచుకుంటారు.

ఇంకొకటి. పిల్లల కోసమే చేసిన ఆప్టిమిస్ట్ అనే పడవ ఉంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. ప్రపంచంలో చాలామంది నావికులు మొదట కూర్చునేది అందులోనే. పొడవు సుమారు 2.3 మీటర్లు, వెడల్పు సుమారు 1.1 మీటర్లు. మైదానంలో ముగ్గుపిండితో ఆ కొలతకు పడవ గీయించండి. ఒకరిని అందులో కూర్చోబెట్టండి. గాలి ఏ వైపు నుంచి వస్తోందో చున్నీ పట్టుకుని చూడమనండి. ఎదురుగాలికి పడవ సూటిగా పోలేదు, కాబట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకరగా పోతూ గాలి వైపుకు ఎక్కాలి. ఆ వంకర దారిని పిల్లలే ముగ్గుతో గీయగలరు. గీశాక ఫోటో తీసి పంపండి, పిల్లలు రాసిన నాలుగు వాక్యాలతో. తప్పులు దిద్దకుండా పంపండి.

*మా నాన్నగారు సాగర్ లాంచీ మీద సరంగుగా పనిచేశారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన రోజూ రాసిన నోటుబుక్కు ఒకటి బీరువాలో దొరికింది. తేదీ, నీటిమట్టం, ఎన్ని ట్రిప్పులు, గాలి ఎలా ఉంది, అంతే ఉంది. 1974 నుంచి మొదలైంది. కాగితాలు పెళుసైపోయాయి. మీకు పంపమంటారా? (పెద్దవూర)*

పంపవద్దండీ. పోస్టులో వేయవద్దు. నేను వస్తాను.

మా నాన్న కూడా సాగర్ లాంచీ మీదే ఉండేవారు. ఆయనా ఇలాగే ఒక పుస్తకం రాసేవారు, నల్ల రెక్సిన్ అట్ట, కొసకు దారంతో కట్టిన పెన్ను. సాయంత్రం కాళ్లు కడుక్కుని, భోజనానికి ముందు, గడపలో కూర్చుని రెండు గీతలు రాసేవారు. ఆయన పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఇల్లు మారుతున్నప్పుడు పాత కాగితాలతో పాటు ఆ పుస్తకాలు కూడా తూకానికి వేసేశాం. మోసి సైకిలు మీద పెట్టింది నేనే. అందులో ఏముందో ఒక్క పేజీ కూడా చదవలేదు. మీ ఉత్తరంలో "గాలి ఎలా ఉంది" అన్న మాట చదివాక ఇక ఆ రాత్రి టైపు చేయలేకపోయాను.

పుస్తకాన్ని ఎండలో పెట్టకండి. పురుగు మందు చల్లకండి, కర్పూరం వేయకండి. అంటుకున్న పేజీలను విడదీయకండి. పాత నూలు చీర ముక్కలో చుట్టి, బీరువాలోనే అడ్డంగా పడుకోబెట్టండి. వచ్చే మంగళవారం సెంటరుకు సెలవు. పొద్దున మొదటి సాగర్ బస్సుకు పెద్దవూరలో దిగుతాను. కెమెరా, తెల్ల గుడ్డ తెచ్చుకుంటాను. పుస్తకం మీ ఇల్లు దాటనక్కరలేదు. పేజీలు మీరు తిప్పండి, నేను ఫోటోలు తీస్తాను. ఆయన అక్షరం ఎక్కడైనా అర్థం కాకపోతే మీరు చదివి చెబుదురుగాని.